పాకమూ తూకమూ

‘పాకం’ అనగానే తెలుగువాడికి ముందుగా నోరూరుతుంది. సంక్రాంతికి అరిసెలు వండే ఇల్లాలు మరుగుతున్న బెల్లపు పాకంలోంచి ఒక బొట్టు తీసి చన్నీళ్ళ గిన్నెలో వేస్తుంది. బొట్టు నీళ్ళలో చెదిరిపోతే అది లేతపాకం. వేళ్ళతో కూడదీస్తే మెత్తని ఉండగా నిలిస్తే అరిసెలకు సిద్ధమైనట్టు. గిన్నెకు కొడితే ఠంగుమన్నదంటే ముదిరిపోయినట్టు. అలంకారశాస్త్రం చదివినవారికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం గుర్తుకు వస్తాయి. తర్కశాస్త్రం చదివినవారికి మాత్రం పాకమంటే మరొకటి. వేడి తగలడం వలన ఒక వస్తువు తన పూర్వగుణాలను విడిచి కొత్త గుణాలను పొందడం పాకం. నేటి మాటలో చెప్పాలంటే అది ద్రవ్యంలో కలిగే మార్పు.

ఈ వ్యాసం ఆ మూడవ అర్థాన్ని గురించినది. వస్తువు ఎందుకు మారుతుంది, మారినప్పుడు ఏది పోతుంది, ఏది నిలుస్తుంది అన్న ప్రశ్నలతో మన పూర్వులు చాలా దూరమే నడిచారు. ఒకచోట ఆగారు. వారు ఆగిన చోటు ఏది, అక్కడ మన శ్రీకాకుళం సీమలోని కుమ్మరి, కంచరి, ఉప్పురైతు ఏమి చేస్తూ వచ్చారు అన్నది ఒకచోట పెట్టి చూడాలని నా ప్రయత్నం.

పదార్థం ఇల్లు మారిన కథ

ముందుగా మాట సంగతి. బడిపుస్తకంలో పదార్థమంటే చోటును ఆక్రమించేది, ద్రవ్యరాశి కలిగినది. తర్కంలో పదార్థం ఇంత ఇరుకైనది కాదు. పదానికి అర్థం పదార్థం. పేరుపెట్టి చెప్పదగినదంతా పదార్థమే. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం, అభావం అని పదార్థాలు ఏడు. కుండ ఒక పదార్థం, కుండలోని ఎరుపు ఒక పదార్థం, ఈ గదిలో కుండ లేకపోవడం కూడా ఒక పదార్థం. మనం నేడు పదార్థమని పిలిచేదానికి కొంత దగ్గరగా వచ్చేది ఆ ఏడింటిలో మొదటిదైన ద్రవ్యం. ద్రవ్యాలు మళ్ళీ తొమ్మిది: పృథివి, జలం, తేజస్సు, వాయువు, ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ, మనస్సు. కాలాన్నీ ఆత్మనూ కూడా ద్రవ్యాలలో చేర్చారు కనుక ఆ మాటా నేటి అర్థంతో సరిపోదు. పరమాణువులు కూడి స్థూలవస్తువులుగా ఏర్పడేవి మొదటి నాలుగే.

కణాదుని పేర వెలసిన వైశేషికాన్నీ, గౌతముని పేర వెలసిన న్యాయాన్నీ కలిపి పసివారికి అందేటట్లు చెప్పినవాడు మన ఆంధ్రుడే. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమూ, దానికి ఆయనే రాసుకొన్న దీపిక అనే వ్యాఖ్యా దేశమంతటా తర్కానికి తొలివాచకాలయ్యాయి. కాశీలోనూ మిథిలలోనూ తర్కం మొదలుపెట్టే విద్యార్థి ముందుగా ఒక తెలుగువాని పుస్తకం పట్టవలసి వచ్చిందన్నమాట.

20వ శతాబ్ది ఆరంభంలో ఆధునిక శాస్త్రాలను తెలుగులో చెప్పవలసిన అవసరం కలిగింది. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి వంటి సంస్థలు అందుకు పూనుకొన్నాయి. కొత్త శాస్త్రానికి మాటలు కావాలి. చేతికి అందిన ధాన్యపు గాదె సంస్కృత తర్కం. పరమాణువు అక్కడిదే. ద్రవం అన్నది ద్రవత్వం అనే గుణం నుంచి వచ్చినది. ఏడింటికీ కలిపి చెప్పిన పదార్థం అనే పేరు ఒక్కదానికి స్థిరపడింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి పై తరగతుల పుస్తకాలు రాయించే నాటికి ఈ మాటలు తమ పాత ఇంటిని మరచిపోయాయి. తరగతిలో పిల్లవాడు వల్లించే ప్రతి మాట వెనుకా వందల ఏళ్ళ వాదప్రతివాదాలు ఉన్నాయని వాడికి చెప్పేవారు తక్కువ.

నేయీ బంగారమూ

ఆ వాదాలు వట్టి మాటల పోగులు కావు. తర్కం లెక్కించిన ఇరవైనాలుగు గుణాలలో మూడింటిని చూడండి. వస్తువు కిందికి పడడం మొదలుపెట్టడానికి కారణమైన గుణం గురుత్వం. పారడం మొదలుపెట్టడానికి కారణమైనది ద్రవత్వం. పొడిపిండి ముద్దగా కూడడానికి కారణమైనది స్నేహం. పాతకాలపు పండితుడు తన వంటింట్లోకీ పెరట్లోకీ చూసి రాసిన నిర్వచనాలివి.

ద్రవత్వాన్ని వారు రెండు విధాలుగా విడదీశారు. నీటికి ద్రవత్వం సహజం. నేతికీ, లక్కకూ, బంగారానికీ అది నిప్పు తగిలితేనే వస్తుంది కనుక నైమిత్తికం. ఇక్కడే దీపికలో ఒక చక్కని వాదం నడుస్తుంది. బంగారం మట్టి జాతిదా, నిప్పు జాతిదా అన్నది ప్రశ్న. నేయి కరుగుతుంది, బంగారమూ కరుగుతుంది. కాని నేతిని అదేపనిగా కాస్తే దాని ద్రవత్వం నశించి మాడిపోతుంది. బంగారం ఎంతసేపు కాచినా ద్రవంగానే నిలుస్తుంది. ‘నీళ్ళలో వేసి కాచిన నేయి మాత్రం మాడుతున్నదా?’ అని అడగవచ్చు. మాడదు, అక్కడ నీరు అడ్డుపడుతున్నది. అదే విధంగా పసుపురంగుకూ బరువుకూ ఆధారమైన బంగారంలోని మట్టిభాగం మాడకుండా ఉన్నదంటే, అడ్డుపడే ద్రవద్రవ్యం మరొకటి అందులో ఉండాలి. అది నీరు కాదు, బంగారానికి ద్రవత్వం సహజం కాదు గనుక. కాబట్టి అది తేజస్సు.

సిద్ధాంతం నేడు నిలవదు. బంగారం గాలిలోని ప్రాణవాయువుతో కలవదు కనుక మాడదు. నీళ్ళలోని నేయి మాడకపోవడానికి కారణం, నీరున్నంతసేపు వేడి 100 డిగ్రీల చుట్టుపక్కలనే నిలిచిపోవడం. కాని వాదం నడచిన తీరు గమనించదగినది. ఒక పరిశీలన, దానికి పోలిక, ఆ పోలికకు ఎదురుదెబ్బ, ఆ ఎదురుదెబ్బకు జవాబు. ఎవరో చూసి ఉంటేనే తప్ప ‘నీళ్ళలోని నేయి’ అన్న ఉదాహరణ రాదు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి: బంగారపు బరువును మట్టిభాగం ఖాతాలో వేసి, దానిని మరి తూచలేదు.

కుమ్మరి ఆవంలోకి తొంగిచూసినవారు

పాకాన్ని గురించి వైశేషికులకూ నైయాయికులకూ పెద్ద తగవు. పచ్చికుండ నల్లగానో బూడిదరంగుగానో ఉంటుంది. ఆవంలో కాలి ఎర్రగా బయటికి వస్తుంది. ఎరుపు ఎక్కడ పుట్టింది?

వైశేషికుల మాట ఇది. నిప్పు తాకిడికి కుండ పరమాణువులుగా విడిపోతుంది. ఒక్కొక్క పరమాణువులో పాతరంగు పోయి కొత్తరంగు పుడుతుంది. అవి మళ్ళీ కూడి ఎర్రకుండ ఏర్పడుతుంది. దీనికి పీలుపాకమని పేరు, పీలువంటే పరమాణువు. 6వ శతాబ్ది ప్రాంతపు ప్రశస్తపాదుడు ఈ మతాన్ని వివరంగా చెప్పాడు. నైయాయికులు దీనిని ఒప్పుకోలేదు. ఆవం సందులోంచి చూస్తే కుండ కుండగానే కనబడుతున్నది కదా, కుండ మీద కుండ పేర్చితే పై కుండలు కూలిపోవడం లేదు కదా, పెట్టినన్ని కుండలే తీసినప్పుడూ ఉన్నాయి కదా అన్నారు. కుండలో కంటికి కనబడని రంధ్రాలు ఉన్నాయి, నిప్పు వాటి గుండా దూరి కుండ మొత్తంలోనే మార్పు తెస్తుంది అన్నారు. ఇది పిఠరపాకం, పిఠరమంటే కుండ.

నేడు తీర్పు చెప్పవలసివస్తే ఇద్దరికీ చెరిసగం ఇవ్వాలి. కుండ చెదరదన్న నైయాయికుని చూపు నిజం. మార్పు కంటికందని సూక్ష్మకణాల స్థాయిలో జరుగుతుందన్న వైశేషికుని ఊహ నిజం. ఆవంలో మొదట మట్టిలోని తడి ఆవిరైపోతుంది. వేడి 450 నుంచి 600 డిగ్రీల వరకు పెరిగేటప్పుడు మట్టికణంలోనే కట్టుబడి ఉన్న నీరు కూడా ఊడిపోతుంది. ఆ తరువాత ఎంత నానబెట్టినా పెంకు తిరిగి మట్టిముద్ద కాదు. గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రని ఆక్సైడుగా మారి కుండ ఎరుపెక్కుతుంది. గాలి మూసి పొగ పెడితే కుండ నల్లబడుతుంది. ఈ రెండు రంగులూ తన అదుపులోనివేనని కుమ్మరికి తెలుసు.

పోయిన నీటికి బరువు ఉంటుంది కదా! బాగా ఎండిన పచ్చికుండ కన్నా కాలిన కుండ తేలిక. శుద్ధమైన తెల్లమన్ను పూర్తిగా కాలితే వందకు సుమారు 14 పాళ్ళ బరువు కోల్పోతుంది. మామూలు కుండమట్టి అంతకన్నా తక్కువ. పీలుపాక పిఠరపాకాల మీద తరతరాలుగా వాదించినవారు ఆవంలోకి తొంగిచూశారు, కుండలు లెక్కపెట్టారు. కాలకముందు ఒకసారి, కాలిన తరువాత ఒకసారి కుండను తక్కెడలో పెట్టిన జాడ మాత్రం ఆ వాదంలో కానరాదు.

ఇది సోమరితనం వల్ల జరిగినది కాదు, సిద్ధాంతపు కట్టడిలోనే ఉన్నది. పాకం వలన మారే గుణాలు నాలుగే అన్నారు: రూపం, రసం, గంధం, స్పర్శ. మామిడికాయ మగ్గినప్పుడు చూడండి. పచ్చదనం పోయి పసుపు వస్తుంది, పులుపు పోయి తీపి వస్తుంది, వాసన మారుతుంది, గట్టితనం మెత్తదనమవుతుంది. నాలుగూ లెక్క సరిపోయాయి. గురుత్వం ఆ జాబితాలో లేదు. జాబితాలో లేనిదాన్ని గురించి ఎవరూ ప్రశ్న వేయరు.

అయితే తక్కెడ శాస్త్రంలోకి అసలు రానేలేదా అంటే, వచ్చింది. బట్ట అనేది దారాల కన్నా వేరైన కొత్త వస్తువు అని నైయాయికులన్నప్పుడు, అలాగైతే దారాల బరువూ బట్ట బరువూ రెండూ కలిసి తక్కెడ ఇంకా వంగాలి కదా అని బౌద్ధ తార్కికులు ఎదురు ప్రశ్న వేశారు. ఎంత పదునైన ప్రశ్న! కాని ఆ తక్కెడ వాదంలోని ఉపమానంగా వచ్చి వాదంతోనే వెళ్ళిపోయింది. మార్పుకు ముందూ వెనుకా తూచి రాసిపెట్టుకొనే చిట్టాగా మారలేదు.

నౌపడ ఉప్పు, బుడితి కంచు

శాస్త్రం తూచకపోయినా పని చేసేవారు తూచారు. దీనికి దూరం పోనక్కరలేదు. సముద్రపు ఒడ్డున నౌపడ నుంచి టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో అక్కడి రాజావారు చిన్నరైలు వేయించారు. 2004లో ఆ సన్నపట్టాలు ఆగిపోయి, 2010 నుంచి అదే దారిలో పెద్దరైలు నడుస్తున్నది. ఈ నలభై కిలోమీటర్ల దారి చుట్టుపక్కలనే ద్రవ్యపు మార్పులన్నీ చూడవచ్చు.

నౌపడలో ఉప్పు ‘తయారు’ చేస్తారని ఎవరూ అనరు, ఉప్పు పండిస్తారు. పండించేవారు ఉప్పురైతులు. సంస్కృతంలో వండడానికీ పండడానికీ ఒకే ధాతువు, పాకం అందులోంచే వచ్చింది. ఉప్పుమడిలో సూర్యుడే వంటవాడు. లీటరు సముద్రపు నీటిలో అన్ని లవణాలూ కలిపి సుమారు 35 గ్రాములు ఉంటాయి. ఒక మడి నుంచి మరో మడికి నీరు మళ్ళిస్తూ ఎండబెడితే ముందుగా సున్నపు లవణాలు అడుగున దిగుతాయి. పదింట తొమ్మిది వంతుల నీరు పోయిన తరువాత గాని మన తినే ఉప్పు పేరుకోదు. అప్పటికీ మిగిలిన నీటిని ఇంకా ఎండనిస్తే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది. అందుకని ఆ నీటిని పారబోస్తారు. ఏ మడి నుంచి ఏ మడికి ఎప్పుడు మళ్ళించాలో తెలియడమే ఉప్పురైతు విద్య. పంట చేతికి వచ్చే వేళ ఒక అకాలపు వాన కురిస్తే ఉప్పు మళ్ళీ నీరవుతుంది. అతడికి నష్టం, మనకు పాఠం: ఈ మార్పు వెనుకకు తిరిగేది, కుండలోని మార్పు తిరగనిది. బ్రిటిషు ప్రభుత్వం ఉప్పు తయారీని నేరం చేసింది. ఉన్న ఉప్పు సముద్రంలోనే ఉన్నది, నీరు తప్పుకొన్నదంతే. 1930లో గాంధీగారు దండిలో పిడికెడు ఉప్పు ఎత్తినప్పుడు ఆ చట్టపు మాటలోని డొల్లతనం కూడా బయటపడింది.

పాతపట్నానికి పొరుగున సరవకోట మండలంలో బుడితి ఉన్నది. అక్కడి కంచు, ఇత్తడి పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కంచు అంటే రాగీ తగరమూ. వందకు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరం అన్నది గంటలకు ప్రసిద్ధమైన పాలు. రాగి మెత్తన, తగరం మరీ మెత్తన. రెండూ కలిస్తే గట్టిదై, ఖంగున మోగే కంచు పుడుతుంది. రాగి ఒక్కటే కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. ఈ పాళ్ళలో తగరం కలిస్తే 900 లోపే పూర్తిగా ద్రవమవుతుంది. కారణంలోని గుణాలే కార్యంలో గుణాలను పుట్టిస్తాయి, నల్లదారాలతో నేస్తే నల్లబట్టే వస్తుంది అన్నది తర్కంలో పెద్ద సూత్రం. ఆ సూత్రానికి కంచు ఒక చిక్కుప్రశ్న. ఇటువంటి చిక్కును పట్టుకొన్నవారు చార్వాకులు. తమలపాకు ఎరుపు కాదు, వక్క ఎరుపు కాదు, సున్నం ఎరుపు కాదు. మూడూ నమిలితే నోరు పండుతుంది, చైతన్యం కూడా అలా కలయికలో పుట్టినదే అన్నారని వారి ప్రతిపక్షులు రాసిపెట్టారు. ఆత్మ సంగతి ఎలా ఉన్నా, వక్కలోని వగరు పదార్థాలు సున్నంతో కలిసి ఎర్రబడతాయన్నది మన ఇళ్ళలో భోజనం తరువాత నిత్యమూ జరిగే రసాయన ప్రక్రియ.

ఇక ఇత్తడి. దానిలో రాగితో కలిసేది జింకు, సంస్కృతంలో యశదం. రాగి కరిగే వేడికి ముందే, 907 డిగ్రీలకే, జింకు మరిగి ఆవిరైపోతుంది. అందుచేత ఇత్తడి కరగబోసే చోట మూసలోంచి దట్టమైన తెల్లని పొగ లేస్తుంది. పోసిన లోహమంతా తిరిగి రాదు. ఆ తక్కువకు మన కంచరీ కంసాలీ పెట్టుకొన్న పేరు తరుగు. తరుగు ఎంత పోతుందో ముందే లెక్కకట్టి మజూరీలో కలుపుతారు. ఇది నేటి లెక్కా కాదు. కరిగించినప్పుడు లోహాలకు కలిగే క్షయాన్ని గురించి కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే నియమాలు ఉన్నాయి. అంటే మార్పుకు ముందూ వెనుకా తూచడం మన దేశంలో ఉన్నది. అది కొలిమి దగ్గరా, అంగడిలోనూ, రాజుగారి ఖజానాలోనూ ఉన్నది. పాకాన్ని గురించి వాదించే సభలో లేదు.

తరుగు ఎక్కడికి పోయింది?

కంచరిని అడిగితే ‘పొగై పోయింది’ అంటాడు. ఆ జవాబు సరైనదే. ఇంకొక్క అడుగు వేసి ఆ పొగను పట్టి తూచి ఉంటే ఆశ్చర్యపడవలసి వచ్చేది. ఆ తెల్లని పొడి, గాలిలోని ప్రాణవాయువుతో కలిసిన జింకు. పోయిన జింకు 100 గ్రాములైతే దొరికే పొడి 124 గ్రాములకు పైగా ఉంటుంది. తరుగు అనుకొన్నది నిజానికి పెరుగుదల.

ఈ అడుగు వేసినవాడు ఫ్రాన్సు దేశపు లవోయిజే. అంతకుముందు ఐరోపా పండితులు కూడా మండే ప్రతి వస్తువులోనూ ఫ్లోజిస్టన్ అనే ఒక సారం ఉంటుందనీ, మండినప్పుడు అది వెళ్ళిపోతుందనీ నమ్మారు. లోహాన్ని కాలిస్తే వచ్చే భస్మం లోహం కన్నా బరువెక్కుతున్నదని తెలిసి కూడా, ఆ సారానికి వ్యతిరేకమైన బరువు ఉందేమో అని సమర్థించుకొన్నవారు ఉన్నారు. 1774లో లవోయిజే తగరాన్ని గాజుబుడ్డిలో పెట్టి మూతి కరిగించి మూసి వేడిచేశాడు. తగరం భస్మమైనా మూసిన బుడ్డి బరువు మారలేదు. మూతి పగలగొట్టగానే గాలి లోపలికి దూసుకుపోయింది, అప్పుడు బరువు పెరిగింది. పెరిగిన బరువు గాలిది. 1789లో వెలువడిన తన గ్రంథంలో, ఏ మార్పులోనైనా మొదట ఉన్న ద్రవ్యమెంతో చివర ఉన్నదీ అంతే అన్న నియమాన్ని రసాయనానికి పునాదిగా వేశాడు. దానిమీదనే 1808లో డాల్టన్ తన పరమాణు సిద్ధాంతాన్ని నిలబెట్టాడు. డాల్టన్ పరమాణువుకు ఉన్న ముఖ్యలక్షణం దాని బరువు. కణాదుని పరమాణువుకు లేనిది ఆ లెక్కే.

లవోయిజే వృత్తి ఏమిటో తెలిస్తే నవ్వు వస్తుంది. ఆయన రాజుగారి పన్నులు గుత్తకు తీసుకొని వసూలుచేసే సంఘంలో భాగస్వామి. ఆ పన్నులలో జనం అసహ్యించుకొన్న ఉప్పుపన్ను ఒకటి. ఆ ఉద్యోగమే 1794లో ఆయన తల తీయించింది. జమాఖర్చులు సరిపోవాలి అన్న గుమాస్తా నీతిని ఆయన ప్రయోగశాలలోకి తీసుకువచ్చాడు. మన దగ్గరా జమాఖర్చు ఎరిగినవారు ఉన్నారు, ప్రమాణం ప్రమేయం ఎరిగినవారు ఉన్నారు. ఇద్దరూ ఒకే పీట మీద కూర్చోలేదు. కొలిమి పనివాడికి పాఠశాల లేదు, పాఠశాలలోనివాడు కొలిమి ఊదడు. కులం గీసిన ఆ గీతను గురించి మొహమాటపడకుండా చెప్పుకోవాలి.

అయితే లవోయిజే గారి మూలకాల పట్టికలో 33 పేర్లుంటే మొదటి రెండూ కాంతి, వేడి. ఆయన కూడా తేజస్సును ద్రవ్యాల నుంచి తీసివేయలేకపోయాడు. కాబట్టి అన్నంభట్టును చూసి నవ్వేవారు కొంచెం నిదానించాలి. కణాదుడే అణువును కనిపెట్టాడు, ఇక కొత్తగా చెప్పవలసింది లేదు అని ఛాతీ విరుచుకొనేవారూ నిదానించాలి. ప్రశ్న మనది, అది గొప్ప ప్రశ్న. తూకం మనం వేయలేదు. రెండూ నిజాలే, ఒకటి ఒప్పుకొంటే రెండవది చిన్నబోదు.

కొత్త రసాయనం మన సీమకు వచ్చినప్పుడు కూడా ఈ ఎడం పూడలేదు. విజయనగరంలో మహారాజావారి సంస్కృత కళాశాలలో పిల్లలు ద్రవ్యాలు తొమ్మిదని చదివారు. అదే ఊరిలో 1879లో కళాశాల స్థాయికి వచ్చిన మహారాజా కళాశాల ఇంగ్లీషు చదువుల నిలయమైంది. ఒక ఊరు, ఒకే ప్రభువుల పోషణ, రెండు రకాల ద్రవ్యాలు. ఒక గదిలోని ప్రశ్న రెండవ గదిలో వినబడే ఏర్పాటు లేదు.

కరగడంలో ఉన్న తిరకాసు

తెలుగు పండితునిగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాటల సంగతి. ఐసు కరిగింది అంటాం, ఉప్పు నీళ్ళలో కరిగింది అంటాం. తెలుగులో రెండింటికీ ఒకే క్రియ. శాస్త్రంలో రెండూ వేరు. మొదటిదానికి వేడి చాలు, రెండవ వస్తువు అక్కరలేదు. రెండవదానికి నీరు కావాలి. పుస్తకం మొదటిదానిని ద్రవీభవనమని, రెండవదానిని కరగడమని విడదీసి ఊరుకొంటుంది. పిల్లవాడి తలలో మాత్రం రెండూ ఒకటే. ‘ఉప్పు నీళ్ళలో కరిగి ఎక్కడికి పోయింది?’ అంటే ‘నీరైపోయింది’ అని జవాబిచ్చే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఉప్పు వేయకముందు నీటినీ ఉప్పునూ, వేసిన తరువాత ఉప్పునీటినీ తూచి చూపితే ఆ తప్పు అక్కడే తొలగిపోతుంది.

మరొక వైపు, మార్పుల విషయంలో తెలుగుకు ఉన్న సంపద చిన్నది కాదు. కాగడం, మరగడం, పొంగడం, ఇగరడం, ఇంకడం, ఆరడం, పేరుకోవడం, గడ్డకట్టడం, తోడుకోవడం, పులియడం, మగ్గడం, ముదరడం, మాడడం, తుప్పుపట్టడం, కిలుమెక్కడం. వీటిలో ఒక్కటి మరొకదానికి బదులు రాదు. పాలు తోడుకొంటాయి, ఉప్పు పేరుకొంటుంది, నూనె గడ్డకడుతుంది. ఇత్తడి గిన్నెలో పులుసు నిలవుంచితే కిలుమెక్కుతుందని తెలిసి లోపల తగరపు కళాయి పూయించేవారు. చింతపండుతో తోమితే అదే పులుపు గిన్నె మీది మకిలిని కరిగించి తీసేది. ఒకే గుణం ఒకచోట శత్రువు, ఒకచోట మిత్రుడు. ఇవన్నీ భౌతిక మార్పు, రసాయనిక మార్పు అనే రెండు శీర్షికల కిందికి ఎంతో సులువుగా వస్తాయి. పుస్తకంలోకి మాత్రం రాలేదు.

పాతపట్నానికి ఆనుకొని ఉన్న పర్లాకిమిడిలో 1880 నుంచి ఉపాధ్యాయుడుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు, జనం మాట్లాడే భాషలో చెప్పని చదువు జనానికి అందదని తరువాత జీవితమంతా పోరాడారు. ఆ పోరాటం కథలనూ వ్యాసాలనూ మార్చింది. విజ్ఞానశాస్త్రపు పాఠం దగ్గరకు వచ్చేసరికి సగంలో నిలిచిపోయిందని నా అభిప్రాయం. సంస్కృత పరిభాష వద్దని నేననడం లేదు, అది నా వృత్తిధర్మమూ కాదు. ‘సంతృప్త ద్రావణం’ అని చెప్పే ముందు ఉప్పుమడిని చూపమంటున్నాను. ‘ఆక్సీకరణం’ అని నిర్వచనం రాయించే ముందు కిలుమును గోకి చూపమంటున్నాను. కుమ్మరి ఇంటి నుంచి ఒక పచ్చిప్రమిదను తెచ్చి, బాగా ఎండబెట్టి తూచి, కాల్చి మళ్ళీ తూచితే చాలు. పీలుపాక పిఠరపాకాల తగవులో తూచకుండా మిగిలిపోయిన కుండను ఆరవ తరగతి పిల్లలు ఒక్క వారంలో తూచగలరు. దానికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు, కూరగాయల అంగడి కాటా చాలు.

కంచుగిన్నెలు స్టీలుగిన్నెలకు చోటిచ్చాయి, కళాయి పూసేవారి కేక వీథుల్లో వినబడడం అరుదైపోయింది. వారితోపాటు వారి మాటలూ వెళ్ళిపోతున్నాయి. వస్తువు పోతే మరొక వస్తువు వస్తుంది. మార్పును గుర్తించి పేరుపెట్టిన మాట పోతే, ఆ మార్పును చూసే కన్నే కొంత మందగిస్తుంది.

మిత్రులకొక విన్నపం. మీ మీ ప్రాంతాలలో కుమ్మరులు, కంచరులు, కంసాలులు, బెల్లం వండేవారు, ఉప్పురైతులు వాడే మాటలు మీకు తెలిసినవి ఉంటే దయచేసి రాయండి. మాటతోపాటు అది ఏ పనిలో, ఏ దశలో వాడతారో కూడా రాస్తే మేలు. తరుగు అనే మాటకు మీ వైపు మరొక పేరు ఉన్నదేమో తెలుసుకోవాలని ఉన్నది.